గాలివాన తర్వాత కంప్యూటర్‌కి మాత్రం నెట్ రావడం లేదు, ఫోన్లకి వస్తోంది

ప్రూఫ్_అక్క (అనంతపురం):

అందరికీ నమస్తే. నేను ఇంట్లోనే డీటీపీ చేస్తాను. ఎక్కువగా పెళ్లి పత్రికలు, గృహప్రవేశాలు, మధ్యమధ్యలో పెద్దకర్మ కార్డులు. ఇప్పుడు వైశాఖం ముహూర్తాలు కాబట్టి ఊపిరాడటం లేదు, సరిగ్గా ఇప్పుడే నెట్ పోయింది.

మొన్న సాయంత్రం మా వైపు పెద్ద గాలివాన వచ్చింది. ఎండకు మాడి మాడి ఉన్నాం, ముందు సంతోషపడ్డాం, తర్వాత వరసగా పిడుగులు. మామూలుగా కంప్యూటర్ ప్లగ్గు నేను ఎప్పుడూ తీయను, ఇన్వర్టర్ మీద ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా దానికి తెలియదు. ఆ రోజు మాత్రం మా అత్తమ్మ అరిచిన అరుపుకి టీవీ, ఫ్రిజ్జు, కంప్యూటర్ అన్నీ పీకేశాం. రాత్రి తొమ్మిదికి మళ్లీ పెట్టి ఆన్ చేస్తే ఏ సైటూ తెరుచుకోలేదు. మెయిల్ రాదు, వాట్సాప్ వెబ్ రాదు, గూగుల్ కూడా రాదు. ఏదో ఇంగ్లీషు పేజీ వచ్చి నిలబడింది. అప్పటికి కింద నెట్ గుర్తు బాగానే ఉంది. ఫోన్లకి అదే వైఫైలో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, మా అబ్బాయి క్రికెట్ చూస్తూనే ఉన్నాడు.

నిన్న పొద్దున్నే కేబుల్ వాళ్లకి ఫోన్ చేస్తే ఒక పిల్లోడు వచ్చాడు. రూటర్ వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు, వైరు కూడా కొత్తది వేశాడు, 200 తీసుకున్నాడు, "మీ సిస్టమే పోయిందక్కా, మా లైన్ ఫుల్లుగా ఉంది" అని పోయాడు. అప్పటినుంచి ఇంకా అన్యాయం, కింద గుర్తు కూడా గ్లోబు బొమ్మలా మారిపోయింది, "నో ఇంటర్నెట్" అంటోంది.

విండోస్ 10, కొని పదేళ్లు దాటింది. కొత్తగా ఆన్ చేసినప్పుడల్లా నల్ల స్క్రీన్ మీద ఏదో వచ్చి ఎఫ్1 నొక్కమంటోంది, నొక్కితే లోపలికి పోతోంది, అది వేరే సంగతి అనుకోండి. పిడుగులంటే భయం కాబట్టి పని అయిపోగానే గోడ దగ్గర స్విచ్ ఆపేస్తున్నాను.

ఒక పార్టీకి రేపటికల్లా ప్రూఫ్ పంపాలి. ప్రస్తుతానికి స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపిస్తున్నా, వాళ్లు "అక్కా, పెళ్లికొడుకు పేరు మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడింది" అంటున్నారు.

బురుజు_దగ్గరోడు (కర్నూలు):

అక్కా, సింపుల్. రూటర్ స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగి వేయండి. రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైపు చేసే నల్ల విండో) అడ్మిన్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్ కొట్టి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే ఇంక ఆలోచించకండి, ఫార్మాట్ కొట్టేయండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎలాగూ 11 వేసుకోవాల్సిందే. నాకు మూడుసార్లు ఇలా అయితే మూడుసార్లూ ఫార్మాట్‌తోనే పోయింది.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

తమ్ముడూ, రెండూ చేశాను, ఏం తేడా లేదు. ఫార్మాట్ మాట మాత్రం ఎత్తొద్దు. ఇందులో తెలుగు టైపు చేసే అను ఫాంట్లు, పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ ఉన్నాయి, వాటిని ఎక్కించిన మనిషి ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. పదేళ్ల పత్రికల ఫైళ్లన్నీ ఇందులోనే. అక్కకి వేసిన డిజైనే చెల్లెలికీ కావాలని వచ్చేవాళ్లు ఎంతమందో. పైగా ఈ పాత బండి మీద 11 ఎక్కదని ఎప్పుడో చెప్పేసింది.

లైను_పని (కడప):

మేడమ్, నేను పదకొండేళ్లుగా ఫైబర్ లైన్ల పనిలోనే ఉన్నాను, వేరే ఊరు, వేరే ఆపరేటర్. ఆ పిల్లోడు లైన్ బాగుందన్న మాట నిజమే. ఫోన్లలో నెట్ వస్తోందంటే వీధిలోంచి మీ రూటర్ దాకా దారి బాగున్నట్టే. ఎవరికైనా పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా, రూటర్ డబ్బా మీద పాన్ (PON) అని రాసి ఉన్న దగ్గర పచ్చ లైటు కదలకుండా వెలగాలి, లాస్ (LOS) అన్న లైటు అసలు వెలగకూడదు. లాస్ ఎర్రగా కొట్టుకుంటోందంటే ఎక్కడో గాజు తీగ తెగింది, లేదా మరీ వంగింది, అప్పుడు మీరు ఇంట్లో కంప్యూటర్‌ని ఎంత కెలికినా లాభం లేదు, మమ్మల్ని పిలవాల్సిందే.

మీ విషయంలో అనుమానం అంతా రూటర్ నుంచి కంప్యూటర్ దాకా ఉన్న నాలుగు గజాల మీదే. రెండు చూసి చెప్పండి. ఒకటి, వైరు పెట్టిన చోట రూటర్ మీద లాన్ లైటు వెలుగుతోందా? రెండు, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్ అన్న వరసలో ఏ అంకెలు ఉన్నాయో రాయండి.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

లైటు వెలుగుతోంది అన్నా, మినుకుమినుకుమంటోంది కూడా. అంకెలు 169.254.81.20 అని ఉన్నాయి.

లైను_పని (కడప):

దొరికింది. 169.254తో మొదలైతే అది రూటర్ ఇచ్చిన అడ్రస్ కాదు. కంప్యూటర్ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడిగి అడిగి, ఎవరూ పలక్క, తనకు తానే పెట్టుకున్న నంబరు అది. మామూలుగా ఇళ్లలో 192.168తో మొదలయ్యేది రావాలి. లైటు వెలుగుతోందంటే వైరు బాగుంది, అవతల మాత్రం పలికే నాథుడు లేడు.

ఇప్పుడు డబ్బా వెనక చూడండి. నాలుగు పసుపు రంధ్రాలు ఉంటాయి (కొన్నిటికి రెండే), 1 నుంచి 4 దాకా అంకెలు ఉంటాయి. మీ వైరు ఎందులో ఉంది? చాలా కనెక్షన్లలో ఒక రంధ్రాన్ని టీవీ బాక్స్ కోసం విడిగా కట్టేస్తారు, ఎక్కువగా చివరిది. అందులో కంప్యూటర్ వైరు పెడితే లైటు వెలుగుతుంది కానీ నెట్ రాదు. ఆ పిల్లోడు అన్నీ పీకి పెట్టాడన్నారు కదా, నాకు దాని మీదే డౌటు.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

అన్నా నువ్వు దేవుడివి. 4లో ఉంది. రూటర్ అల్మారా పైన ఉంటుంది, స్టూలు ఎక్కి టార్చి పట్టుకుని చూస్తే గానీ అంకె కనపడలేదు. తీసి 1లో పెట్టగానే గ్లోబు పోయి పాత గుర్తు వచ్చేసింది, అంకెలు కూడా 192.168.1.7 అని మారాయి. 200 తీసుకుని మరీ తప్పు చోట పెట్టిపోయాడు.

కానీ సైట్లు ఇంకా రావడం లేదు!! మొన్న రాత్రి వచ్చిన ఇంగ్లీషు పేజీయే మళ్లీ వచ్చింది.

బురుజు_దగ్గరోడు (కర్నూలు):

డీఎన్ఎస్ అక్కా, డీఎన్ఎస్. సైటు పేరు కొడితే దాని నంబరు వెతికిచ్చేది. 8.8.8.8 పెట్టి చూడండి. లేదంటే వైరస్. వైరస్ అయితే మళ్లీ నేను చెప్పిందే...

లైను_పని (కడప):

పింగ్ అంటే అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో పిలిచి చూడటం. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ 8.8.8.8 అని కొట్టి చూడండి మేడమ్, తర్వాత పింగ్ గూగుల్.కామ్. మొదటిది పలికి రెండోది పలక్కపోతే డీఎన్ఎస్. రెండూ పలికితే నా పని అయిపోయినట్టే, మిగతాది కంప్యూటర్ వాళ్లు చూడాలి.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

రెండూ పలుకుతున్నాయి. నాలుగు వరసలు రిప్లై అని వస్తోంది, 30కి కాస్త అటూఇటూ ఎంఎస్ అంటోంది. మరి బ్రౌజర్‌కి ఏం రోగం?

పాతసామాన్లు (తాడిపత్రి):

ఇప్పుడే చూశాను, షాపు కట్టేసి వచ్చి అన్నం తింటూ రాస్తున్నా, తప్పులుంటే క్షమించాలి.

అమ్మా, మీ మొదటి పోస్టులోనే జవాబు ఉంది, మీరే "అది వేరే సంగతి" అని పక్కన పెట్టేశారు. ఎఫ్1. ఎప్పుడూ ప్లగ్గు తీయని కంప్యూటర్‌కి పదేళ్లలో మొదటిసారి ప్లగ్గు తీశారు, ఆ రాత్రి నుంచే నెట్ లేదు, ఆ రాత్రి నుంచే ఎఫ్1 అడుగుతోంది. ఈ రెండూ వేరే సంగతులు కావు.

ఒక్క పని చేయండి. స్క్రీన్ మీద కుడివైపు కింది మూలన టైమూ తేదీ ఉంటాయి, అవి ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. ఆ ఇంగ్లీషు పేజీలో పెద్ద అక్షరాల్లో ఏముందో అదీ రాయండి. అర్థం చెప్పొద్దు, అక్షరాలు చెప్పండి. మా షాపుకొచ్చే వాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటారు తప్ప ఏం వచ్చిందో చదివినవాళ్లు ఉండరు.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

అయ్యో సామీ.

1-1-2013 అని ఉంది.

ఆ పేజీలో "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని ఉంది. కింద నీలం బటన్ మీద "అప్‌డేట్ డేట్ అండ్ టైమ్" అని ఉంది. మూడు రోజులుగా ఈ పేజీ చూస్తున్నా అన్నా, క్లాక్ అంటే లోడ్ అవడానికి టైమ్ పడుతుందని చెబుతోందేమో అనుకుని రీలోడ్ కొడుతూ కూర్చున్నా.

ఇంకోటి ఇప్పుడు అర్థమవుతోంది. మొన్న రాత్రి సేవ్ చేసిన పత్రిక ఫైలు ఫోల్డర్‌లో పైన లేదు, పోయిందనుకుని మళ్లీ మొత్తం టైపు చేశాను. ఇప్పుడు చూస్తే అన్నిటికంటే అడుగున, 2013 కింద పడి ఉంది.

పాతసామాన్లు (తాడిపత్రి):

అదే. ముందు పని జరగనీ. తేదీ మీద రైట్ క్లిక్ కొట్టి అడ్జస్ట్ డేట్ అండ్ టైమ్‌లోకి పోండి, సెట్ టైమ్ ఆటోమేటిక్ ఆఫ్ చేసి, చేత్తో ఈ రోజు తేదీ, టైమూ పెట్టండి. టైమ్ జోన్ మనది 5:30 ఉందో లేదో చూడండి. తర్వాత ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేయొచ్చు. దానంతట అదే ఎందుకు సరిచేసుకోలేదు అంటారేమో, కొన్ని నిమిషాల తేడా అయితే సరిచేసుకుంటుంది, తేడా మరీ గంటలు గంటలు ఉంటే విండోస్ నమ్మదు. మీది పదేళ్ల పైన తేడా.

ఇప్పుడు కారణం. కంప్యూటర్‌కి కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవాలి కదా, అందుకు మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032 అంటారు, 3 వోల్టులది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, పేరులో అంకెలు అవే. గోడ నుంచి కరెంటు వస్తున్నంత సేపూ దాని మీద పెద్దగా భారం పడదు. మీది పదేళ్లు ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో మీకు తెలియలేదు, ఎప్పుడో చచ్చి ఉంటుంది. పిడుగుల రోజు ప్లగ్గు పీకగానే గడియారం ఫ్యాక్టరీలో పెట్టిన తేదీకి వెళ్లిపోయింది. ఆ తర్వాత మీరు రోజూ గోడ స్విచ్ ఆపేస్తున్నారు, రోజూ అది మళ్లీ 2013కి పోతోంది, రోజూ ఎఫ్1 అడుగుతోంది. పిడుగు మీ ఇంట్లో ఏమీ చేయలేదు. అత్తమ్మ చేసింది కరెక్టే, ఆవిడని ఏమీ అనకండి.

తేదీకీ నెట్‌కీ ఏం సంబంధం అంటే, దాదాపు ప్రతి సైటూ తెరిచేటప్పుడు మీ కంప్యూటర్‌కి ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది, అందులో ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు చెల్లుతుంది అని ఉంటుంది. రాబోయే తేదీ వేసిన చెక్కుని ఈ రోజు బ్యాంకులో ఇస్తే తీసుకుంటారా? మీ కంప్యూటర్ దృష్టిలో ఈ రోజు 2013, గూగుల్ చూపించే కాగితం ఇంకా మొదలే కాలేదు, అందుకని గేటు దగ్గరే ఆపేసింది. పింగ్‌కి ఆ కాగితాలేవీ అక్కర్లేదు కాబట్టి చక్కగా పలికింది. ఫోన్‌కి టైమ్ నెట్‌వర్క్ నుంచే వస్తుంది, దానికి ఈ బాధ లేదు.

చిన్నోడు_ప్రొద్దుటూరు:

అంత కష్టం ఎందుకన్నా, అలాంటి పేజీ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి, ప్రొసీడ్ అని కొడితే పోతుంది కదా, నేను అలాగే చేస్తా.

పాతసామాన్లు (తాడిపత్రి):

చేయొద్దు నాయనా. చాలా పెద్ద సైట్లు ఆ దారి ఇవ్వనే ఇవ్వవు, ఇచ్చిన చోట కూడా అది మంచి అలవాటు కాదు. తేదీ సరిగ్గా ఉండి కూడా ఆ హెచ్చరిక వస్తే నిజంగానే మధ్యలో ఎవడో కూర్చున్నాడేమోనని అనుమానించాలి. అలా తోసుకుని పోయి బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టావనుకో, తర్వాత నా దగ్గరికొచ్చినా నేను చేసేదేమీ ఉండదు.

ఇంకో మాట, ఇలాంటి గందరగోళంలో మొదట చేయాల్సింది ఫోన్‌ని డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం, అంటే ఫోన్ డేటా నెట్‌నే కంప్యూటర్‌కి ఇవ్వడం. అప్పుడు నెట్ వస్తే తప్పు రూటర్ వైపు, అప్పుడు కూడా అదే పేజీ వస్తే తప్పు కంప్యూటర్ లోపల. రెండు నిమిషాల పని. అక్క మొన్న రాత్రే అది చేసి ఉంటే ఆ పిల్లోడు వచ్చేవాడు కాదు, వైరు 4లోకి పోయేది కాదు, రెండో రోగం పుట్టేదే కాదు.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

వచ్చింది!!! తేదీ మార్చి క్రోమ్ మూసి తెరవగానే మెయిల్ గడగడా దిగింది, 41 ఉన్నాయి. ప్రూఫ్ పంపేశాను. అన్నా, మీ అన్నం చల్లారిపోయి ఉంటుంది, క్షమించండి.

ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా తిథి, వారం, నక్షత్రం, ఏ గంటా ఎన్ని నిమిషాలకు సుముహూర్తం అని ప్రతి అంకె మూడుసార్లు సరిచూసే మనిషిని, మూలన ఉన్న తేదీ ఒక్కసారి చూడలేదు. పైగా ఆ 1-1-2013 మంగళవారం అంట, మా అబ్బాయి వెతికి చెప్పాడు, పెళ్లి పత్రికకి పనికిరాని వారం.

బ్యాటరీ నేనే మార్చుకోవచ్చా, షాపుకి మోసుకుపోవాలా?

పాతసామాన్లు (తాడిపత్రి):

మీరే మార్చుకోవచ్చు. బ్యాటరీ ఏ వాచీ షాపులోనైనా దొరుకుతుంది, సీఆర్2032 అని అడగండి, పక్కన 2025 అని ఇంకోటి ఉంటుంది, వెడల్పు అంతే కానీ పల్చగా ఉంటుంది, అది వద్దు. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా వెనక రెండు స్క్రూలు తీస్తే పక్క రేకు జరుగుతుంది. పదేళ్లు తెరవలేదు కాబట్టి దుమ్ము చూసి భయపడొద్దు, మెత్తటి బ్రష్‌తో బయట వరండాలో దులపండి, ఫ్యాను రెక్క వేలితో పట్టుకుని దులపండి, గిరగిరా తిరగనివ్వొద్దు. బోర్డు ముట్టుకునే ముందు డబ్బా ఇనుమును ఒకసారి తాకండి. బ్యాటరీ పక్కన చిన్న క్లిప్పు ఉంటుంది, గోరుతో కాస్త వెనక్కి అంటే బిళ్ల పైకి లేస్తుంది. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అక్షరాలున్న వైపు, ప్లస్ గుర్తున్న వైపు, పైకి రావాలి. పెట్టాక మొదటిసారి ఎఫ్1 ఇంకోసారి అడుగుతుంది, అడిగినప్పుడు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) పోయి తేదీ పెట్టి ఎఫ్10తో సేవ్ చేయండి. తర్వాత అడగకూడదు.

లైను_పని (కడప):

పిడుగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఫైబర్ అంటే గాజు, లోపలి గాజులో కరెంటు రాదు, అందుకని పిడుగుల్లో దాన్ని పీకకండి, ఆ చివర మీద దుమ్ము పడిందంటే మళ్లీ మేమే రావాలి. పీకాల్సింది రూటర్ అడాప్టర్. ఇంకా కింద ఇంటి నుంచి మిద్దె మీదికి ఆరుబయట నుంచి మామూలు లాన్ వైరు లాగినవాళ్లు దాన్ని రెండు వైపులా పీకండి, అది రాగి. నిరుడు ఒక ఇంట్లో అలాంటి వైరు వల్ల రూటరూ పోయింది, కంప్యూటర్ లాన్ పోర్టూ పోయింది.

మేడమ్, ఆ 4వ రంధ్రం మీద ఒక ముక్క ప్లాస్టర్ అంటించి "టీవీ" అని రాసి పెట్టుకోండి.

బురుజు_దగ్గరోడు (కర్నూలు):

ఒప్పుకుంటున్నా, నా మూడు ఫార్మాట్లలో రెండోసారి ఎఫ్1 అడిగింది గుర్తుంది. విండోస్ ఎక్కించేటప్పుడు తేదీ కూడా పెట్టాను. అంటే దాని పుణ్యమే అన్నమాట.

పాతసామాన్లు (తాడిపత్రి):

ఏమప్పా, 40 రూపాయల బిళ్ల కోసం మొత్తం హార్డ్ డిస్క్ తుడిచేశావన్నమాట.

ప్రూఫ్_అక్క (అనంతపురం):

మూడు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. బ్యాటరీ మార్చాను, నిజంగానే 40 తీసుకున్నాడు. లోపల ఒక ఎండిపోయిన బల్లి, నాలుగు కుంకుమ రేణువులు, మా అబ్బాయి చిన్నప్పటి పెన్సిల్ ముక్క దొరికాయి. నిన్న రాత్రి గోడ స్విచ్ ఆపి పడుకున్నా, పొద్దున ఎఫ్1 అడగలేదు, తేదీ సరిగ్గా ఉంది. కేబుల్ వాళ్లకి ఫోన్ చేసి 4వ రంధ్రం సంగతి చెబితే "ఏ పిల్లోడక్కా, మేమెవరినీ పంపలేదే" అంటున్నారు. ఆ 200 సంగతి ఇంక అడగను.

2013 కింద పడిన ఫైళ్లు ఇంకా ఎనిమిది ఉన్నాయి, ఒక్కోటి తెరిచి మళ్లీ సేవ్ చేస్తే పైకి వస్తున్నాయి.